బీ-28 పట్టికతో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు: హైదరాబాద్ ప్రాంతం ఉదాహరణగా

అడిగినవారు ఒక కన్సల్టెన్సీలో కొత్తగా చేరిన ప్లానర్. హైదరాబాద్, దాని చుట్టుపక్కల పట్టణాలకు కలిపి రవాణా ప్రణాళిక వేసే బృందంలో ఉన్నారు. చేతిలో 2011 జనగణన బీ-28 పట్టిక ఉంది, అంటే పనివారు పనికి ఎంత దూరం, దేని మీద వెళ్తారో చెప్పే పట్టిక. వారి ప్రశ్నలు మూడు. దీంతో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో చెప్పే ఓడీ మ్యాట్రిక్స్ కట్టొచ్చా? ఇంత పాత డేటాను పక్కన పెట్టేయాలా? అమెరికాలో సెన్సస్ నుంచే కమ్యూటింగ్ లెక్కలు తీస్తారట, మనకు అలాంటిది లేదా?

ముందు పొట్టి జవాబు. బీ-28తో ఓడీ మ్యాట్రిక్స్ కట్టలేరు. అయినా దాన్ని పారేయకండి, మీ మోడల్‌ని నిలదీయడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం దేశంలో ఇంకోటి లేదు. అమెరికాలో ఉన్నలాంటి సరుకు మనకు ఒకే చోట దొరకదు, ముక్కలు ముక్కలుగా నాలుగైదు ఆఫీసుల్లో ఉంది. ఇక వివరంగా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఎన్యూమరేటర్లు ఇంటింటికీ వచ్చినప్పుడు పనిచేసేవాళ్ళ గురించి రెండు సంగతులు రాసుకున్నారు. ఇంటి నుంచి పనిచేసే చోటుకి ఒకవైపు దూరం ఎన్ని కిలోమీటర్లు, దేని మీద వెళ్తారు. నడక, సైకిల్, టూవీలర్, కారు-జీపు-వ్యాను, టెంపో-ఆటో-టాక్సీ, బస్సు, రైలు, పడవ, ఇతరం, ఇవేవీ కాకపోతే 'ప్రయాణం లేదు'. వీటిని జిల్లాల వారీగా, గ్రామీణం-పట్టణం వేరు చేసి, ఆడ-మగ వేరు చేసి, దూరాన్ని 0-1, 2-5, 6-10, 11-20, 21-30, 31-50, 51 పైన అని అరలుగా పేర్చి వేసిన పట్టికే బీ-28.

ఎక్కడికి వెళ్తున్నారని మాత్రం అడగలేదు. బాలానగర్‌లో ఉండే మనిషి బస్సులో 14 కిలోమీటర్లు వెళ్తాడని ఫారంలో ఉంటుంది. ఆ 14 కిలోమీటర్లు కోఠీ వైపా, మాదాపూర్ దాటి ముందుకా, మేడ్చల్ వైపా తెలియదు. దూరం ఉంది, దిక్కు లేదు. ఈ లోపాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. బీ-28 నుంచి నేరుగా ఓడీ తీశామని ఎవరైనా రిపోర్టులో రాస్తే, మధ్యలో ఏ మోడల్ పెట్టారో చెప్పమని అడగండి.

ఎవరిని అడిగారన్నది రెండో సంగతి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2011లో దేశంలో పనిచేసేవాళ్ళు సుమారు 48 కోట్లు. వాళ్ళలో సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటిపట్టున కుటీర పరిశ్రమ నడిపేవాళ్ళు పోగా మిగిలిన 'ఇతర పనివారు' దాదాపు 20 కోట్లు. ప్రయాణం ప్రశ్న ఈ 20 కోట్ల మందికే. మిగతా 28 కోట్ల మంది పొలానికి నడిచి వెళ్తారు, వాళ్ళకి రవాణా ప్రణాళికతో పనేముంది అన్న ఊహ దీని వెనక ఉన్నట్టుంది.

ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే మిరప కోతల రోజుల్లో గుంటూరు, ఖమ్మం వైపు ఏ ఊరి సెంటర్‌లోనైనా తెల్లవారుజామున నిలబడండి. ఒక్కో ఆటోలో పది పదిహేను మంది ఆడవాళ్ళు, పైన సద్ది క్యారియర్లు, డ్రైవర్ పక్కన ముఠా మేస్త్రి. పక్క మండలానికో, ఇంకా అవతలికో పోయి సాయంత్రానికి తిరిగొస్తారు. రోడ్డు మీద రోజూ కనిపించే రాకపోకలే ఇవి, ప్రమాదాలు కూడా వీటిలోనే ఎక్కువగా వింటుంటాం. కానీ బీ-28లో వీళ్ళు ఒక్కరు కూడా ఉండరు. మీ ప్రణాళిక ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దాటి చౌటుప్పల్, షాద్‌నగర్, సంగారెడ్డి దాకా వెళ్తోంది కాబట్టి గ్రామీణ పట్టిక వాడేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. గ్రామాల వైపు బీ-28 చూపేది సగం కూడా కాకపోవచ్చు.

చదువుకునే పిల్లలూ లేరు. ఉదయం ఏడున్నరకి ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్ రోడ్ల మీద వరసగా పోయే ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల లెక్క మీరు విడిగా తెచ్చుకోవాల్సిందే. కాలేజీల వారీ సీట్ల సంఖ్య దొరుకుతుంది. బస్సులు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో కాలేజీ వాళ్ళు తమ వెబ్‌సైట్‌లోనే రూట్లతో సహా పెడతారు. ఇంత తేలిగ్గా దొరికే ఓడీ సమాచారాన్ని మనవాళ్ళు ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

ఇక శాతాలు. దేశం మొత్తమ్మీద ఆ 20 కోట్లలో ఇంచుమించు 6 కోట్ల మంది 'ప్రయాణం లేదు' అన్నవాళ్ళు. కింద కొట్టు, పైన ఇల్లు ఉన్నవాళ్ళు, ఇంట్లోనే మిషను కుట్టేవాళ్ళు, పనిచేసే చోటే పడుకునే వాచ్‌మన్లు వగైరా. నడక వాటా ఎంత, బస్సు వాటా ఎంత అని చెప్పేటప్పుడు వీళ్ళని కలిపి భాగించారా, తీసేసి భాగించారా అన్నదాన్ని బట్టి అంకె బాగా మారిపోతుంది. ఒకే పట్టిక నుంచి ఇద్దరు తీసిన నడక శాతాలు పొసగకపోతే ముందు ఈ హారం చూడండి. నా పద్ధతి ఏమిటంటే, మోడ్ షేర్ లెక్కకి, అంటే ఏ సాధనం వాటా ఎంత అన్నదానికి, వాళ్ళని తీసేస్తాను, జోన్‌లో (ప్రణాళిక కోసం గీసుకున్న చిన్న ప్రాంతంలో) ఎన్ని ట్రిప్పులు పుడతాయన్న లెక్కకి మాత్రం వాళ్ళని చూపించి మరీ మినహాయిస్తాను. ఉదాహరణకి ఒక వార్డులో 10,000 మంది ఇతర పనివారు ఉన్నారనుకుందాం. 2,500 మంది ప్రయాణం లేనివాళ్ళు. మిగిలినవాళ్ళు 7,500. సెలవులు, వారాంతపు ఆఫ్‌లు, జబ్బులు పోగా ఏ రోజైనా నూటికి 85 మంది పనికి వెళ్తారని మీ సర్వేలో తేలిందనుకోండి, 6,375 మంది. రానూపోనూ 12,750 ట్రిప్పులు. ఈ 85 దగ్గర మీ సర్వే ఏం చెప్తే అది పెట్టండి, పాత రిపోర్టు నుంచి ఎత్తుకురాకండి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో చాలామంది కూరగాయలకో, ట్యూషన్ నుంచి పిల్లల్ని తేవడానికో ఆగుతారు కాబట్టి ఆ రెండో సగం అంత శుభ్రంగా ఉండదు, అది వేరే కథ.

ఇప్పుడు దూరం అరల సంగతి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఈ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గుమ్మంలో ఎన్యూమరేటర్ నిలబడి అడుగుతాడు. జవాబు చెప్పేది చాలాసార్లు పనికి వెళ్ళే మనిషి కాదు, ఆ సమయానికి ఇంట్లో ఉన్నవాళ్ళు. 'మీ ఆయన పనిచేసే చోటు ఎంత దూరమమ్మా?' 'దూరమేనండీ, ఓ పది కిలోమీటర్లు ఉంటుందేమో.' ఆ పది రాసుకుంటారు. జనం దూరాన్ని 5, 10, 15, 20 అని గుండ్రంగా చెప్తారు, ఎక్కడైనా అంతే. మన పట్టికలో అరలు 5 దగ్గర, 10 దగ్గర, 20 దగ్గర, 30 దగ్గర ముగుస్తాయి. అసలు 12 కిలోమీటర్లు వెళ్ళే మనిషి 'పది' అంటే 6-10 అరలో పడతాడు. 8 కిలోమీటర్ల మనిషి 'పది' అన్నా అదే అరలో ఉంటాడు. అంటే గుండ్రం చేసినప్పుడు మనుషులు పై అర నుంచి కింద అరలోకి జారుతున్నారు, కింద నుంచి పైకి ఎక్కేవాళ్ళు దాదాపు లేరు. తప్పు రెండు వైపులా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకునేది. ఇది ఒకే వైపు ఉంది.

దీని ఫలితం ఏమిటంటే, పట్టికలో ప్రయాణాలు ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తాయి. దానికి సరిపోయేలా గ్రావిటీ మోడల్‌ని, అంటే దూరం పెరిగితే రెండు జోన్ల మధ్య ట్రిప్పులు తగ్గుతాయని లెక్కకట్టే మోడల్‌ని, బిగిస్తే, దూరం పెరిగేకొద్దీ ట్రిప్పులు తగ్గే వేగం ఎక్కువగా వస్తుంది. అప్పుడు దూర ప్రయాణాలు తగ్గిపోయి, సబర్బన్ రైలుకో మెట్రో పొడిగింపుకో గిరాకీ లేదన్నట్టు కనిపిస్తుంది. మందు సులువే. మోడల్ ఇచ్చిన ప్రతి జోన్ జత దూరాన్నీ జనం చెప్పినట్టే దగ్గరి 5కి గుండ్రం చేసి, ఆ తరవాతే అరల్లో వేసి బీ-28తో పోల్చండి. మరీ దగ్గరి ప్రయాణాలకి, అంటే 3 కిలోమీటర్ల లోపువాటికి, ఇలా చెయ్యకండి, అక్కడ జనం ఒకటి, రెండు అని సరిగ్గానే చెప్తారు. ఇలా ఒకసారి, మామూలుగా ఒకసారి క్యాలిబ్రేట్ చేసి (మోడల్‌ని పట్టికకి సరిపోయేలా బిగించి) తేడా ఎంత వస్తుందో మీరే చూసుకోండి.

సాధనం విషయంలోనూ ఒక చిక్కు ఉంది. ఒక్కో మనిషికి ఒక్కటే రాశారు. ఇంటి నుంచి షేర్ ఆటో, అక్కడి నుంచి బస్సు, దిగి పది నిమిషాల నడక ఉన్న మనిషి ఒక్క 'బస్సు'గా మిగులుతాడు. ఐటీ కంపెనీ క్యాబ్‌లో వెళ్ళే అమ్మాయి కారు గడిలో పడిందా, టాక్సీ గడిలో పడిందా అన్నది జవాబు చెప్పినవాళ్ళ చిత్తం, రాసుకున్నవాళ్ళ భాగ్యం. పైగా 2011లో మెట్రో లేదు. నాగోలు-మియాపూర్ మార్గం తెరిచింది 2017 నవంబర్‌లో.

హద్దుల దగ్గరికి వద్దాం, టెన్షన్ అసలు ఇక్కడ మొదలవుతుంది. 2011 నాటికి హైదరాబాద్ జిల్లా చిన్నది, మొత్తం పట్టణమే, జనాభా 39.4 లక్షలు. చుట్టూ రంగారెడ్డి జిల్లా, 53 లక్షలు. కూకట్‌పల్లి, ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజ్‌గిరి అందులోనే. శేరిలింగంపల్లి మండలం, అంటే మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ప్రాంతమంతా కూడా అందులోనే. అటు తాండూరు, వికారాబాద్ దాకా కూడా అదే జిల్లా. వీళ్ళందరికీ కలిపి బీ-28లో ఉన్నది ఒక పట్టణ వరస, ఒక గ్రామీణ వరస. తాండూరు పట్టణంలో నాపరాయి పాలిషింగ్ యూనిట్‌కి సైకిల్ మీద వెళ్ళే మనిషీ, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బైక్ మీద వెళ్ళే మనిషీ ఒకే సగటులో కలిసిపోయారు. పటాన్‌చెరు, రామచంద్రపురం మెదక్ జిల్లాలో, భువనగిరి, చౌటుప్పల్ నల్గొండలో, షాద్‌నగర్ మహబూబ్‌నగర్‌లో ఉన్నాయి. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. బీ-28లో జిల్లాకన్నా చిన్న యూనిట్ లేదు కాబట్టి ఇప్పటి మేడ్చల్-మల్కాజ్‌గిరికి 2011 బీ-28 ఎంత అంటే నేరుగా జవాబు లేదు.

అయితే దారి ఉంది. ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ గ్రామం, వార్డు దాకా దొరుకుతుంది. ఇతర పనివారు ఎంతమందో ఆడ-మగ వేరుగా ప్రతి వార్డుకీ ఉంటుంది. 2010లో జరిగిన ఇళ్ళ గణనలో ఎన్ని కుటుంబాలకి సైకిల్ ఉంది, ఎన్నింటికి టూవీలర్ ఉంది, ఎన్నింటికి కారు ఉంది అన్న శాతాలు కూడా వార్డు దాకా ఉన్నాయి. వార్డుల ఇతర పనివారిని ఒకవైపు మొత్తంగా, జిల్లా బీ-28 సాధనాల మొత్తాన్ని ఇంకోవైపు మొత్తంగా పెట్టి, వాహనాల శాతాల నుంచి మొదటి అంచనా వేసుకుని, ఫర్నెస్ పద్ధతిలో, అంటే ఒకసారి అడ్డం మొత్తాలకి, ఒకసారి నిలువు మొత్తాలకి సర్దుకుంటూ, రెండు వైపులా సరిపోయేదాకా తిప్పండి. వార్డు స్థాయి సాధనాల పంపిణీ ఒకటి వస్తుంది. అది అంచనా మాత్రమే, అలాగే రాయండి. కానీ కారున్న ఇళ్ళు నలభై శాతం ఉన్న వార్డుకీ, నాలుగు శాతం ఉన్న వార్డుకీ ఒకే మోడ్ షేర్ రుద్దడం కన్నా చాలా నయం. తరవాత ఆ వార్డుల్ని ఇప్పటి జిల్లాలుగానో, మీ జోన్లుగానో కలుపుకోవచ్చు.

ఆర్టీఏ రిజిస్ట్రేషన్ లెక్కలతో ఈ పని చేయాలని చూసేవాళ్ళు ఉన్నారు. వద్దు. ఆ రిజిస్టర్‌లో పాత వాహనాలు పేరుకుపోయి ఉంటాయి, తుక్కయిపోయినవి తీసెయ్యరు, అమ్మేసిన బండి ఇంకో జిల్లాలో తిరుగుతుంటుంది. ఇంట్లో బండి ఉందా అని గుమ్మంలో అడిగిన జవాబు దానికన్నా ఎంతో గట్టిది.

గమ్యం వైపు, అంటే ఉద్యోగాలు ఎక్కడున్నాయో చెప్పే డేటా. జనగణన మనిషి నిద్రపోయే చోటు లెక్కపెడుతుంది. పనిచేసే చోటు లెక్కపెట్టేది ఆర్థిక గణన. 2013-14లో జరిగిన 6వ ఆర్థిక గణనలో ఏ ప్రాంతంలో ఎన్ని సంస్థలు, ఎంతమంది పనిచేస్తున్నారో ఉంది. పాతదే, కానీ బీ-28కి కాలంలో దగ్గరది, కాబట్టి 2011 నాటి చిత్రం కట్టడానికి ఈ రెండూ జతగా కుదురుతాయి. పెద్ద ఆఫీస్ క్యాంపస్‌లలో దీని లెక్క తగ్గుతుందనే నా అనుమానం. అక్కడ కట్టిన ఆఫీస్ స్థలం చదరపు అడుగుల నుంచి మనుషుల్ని అంచనా వేసి సరిచూసుకోండి. పీఎఫ్ చందాదారుల సంఖ్యతో ఉద్యోగాలు ఎక్కడున్నాయో తేల్చాలనుకుంటే జాగ్రత్త. వేలమంది వేర్వేరు చోట్ల పనిచేస్తున్నా హెడ్ ఆఫీస్ ఉన్న చోటే కనిపిస్తారు.

ఈ హెడ్ ఆఫీస్ జబ్బు అమెరికా డేటాకీ ఉంది, మీరు దాని గురించి అడిగారు కాబట్టి చెప్తాను. అక్కడ 1960 నుంచి 2000 దాకా పదేళ్ళకోసారి జరిగే సెన్సస్‌లో కొంతమందికి పొడుగు ఫారం ఇచ్చి, పనిచేసే చోటు ఎక్కడో అడిగేవాళ్ళు. 2005 నుంచి ఆ పనిని అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏటా చేస్తోంది, ఏడాదికి 35 లక్షల చిరునామాలకి పంపుతారు. దాని నుంచి రాష్ట్రాల రవాణా శాఖలు కలిసి డబ్బు పెట్టుకుని సీటీపీపీ అనే ప్రత్యేక పట్టికలు చేయించుకుంటాయి. అందులో మూడు భాగాలు: నివాసం వైపు, పనిచేసే చోటు వైపు, ఆ రెండింటి మధ్య ప్రవాహాలు. మీరు కలలు కంటున్నది ఆ మూడో భాగం. ఇది కాక లోడ్స్ అని ఇంకోటుంది. యజమానులు రాష్ట్రాల నిరుద్యోగ బీమాకి దాఖలు చేసే జీతాల రికార్డుల నుంచి కట్టినది, సెన్సస్ బ్లాక్ దాకా ఇల్లు-ఉద్యోగం జతలు ఇస్తుంది.

చూడ్డానికి అద్భుతం. వాడితే తెలుస్తుంది. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మన కుర్రాడొకడు ఇర్వింగ్‌లో ఆఫీస్ ఉన్న కన్సల్టెన్సీ తరఫున ప్లేనోలో క్లయింట్ దగ్గర పనిచేస్తున్నాడనుకోండి. జీతం రికార్డులో కన్సల్టెన్సీ చిరునామా ఉంటుంది కాబట్టి లోడ్స్‌లో అతను రోజూ ఇర్వింగ్ వెళ్తున్నట్టు కనిపించవచ్చు. సోమవారం తప్ప ఇంట్లోనే పనిచేసినా అదే జత. సర్వేకి ఆ ఇబ్బంది లేదు, మనిషినే అడుగుతుంది, కానీ శాంపిల్ కాబట్టి చిన్న జోన్ల మధ్య ప్రవాహాలు ఊగిసలాడతాయి, అయిదేళ్ళ సర్వేలు కలిపితే తప్ప నిలబడవు. అందుకే అక్కడి ప్లానర్లు కూడా రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, కింద ట్రాఫిక్ కౌంట్లతో సరిచూసుకుంటారు. కమ్యూటింగ్ లెక్కకి అక్కడ ఇంకో బరువైన పని ఉంది. ఒక కౌంటీ నుంచి 25 శాతం పనివారు మహానగరపు ప్రధాన కౌంటీలకి వెళ్తుంటే దాన్ని ఆ మహానగర ప్రాంతంలో కలుపుతారు. మన దగ్గర మెట్రోపాలిటన్ హద్దు గీసేటప్పుడు ఇలాంటి సూత్రం ఒకటి పెట్టుకుంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. మనకి హద్దు ముందు జీవోలో వస్తుంది, రాకపోకలు తరవాత చూస్తాం.

లెక్కపెట్టే రోజు బాగాలేకపోతే ఎంత పెద్ద సెన్సస్ అయినా రవాణాకి పనికిరాదనడానికి బ్రిటన్ ఉదాహరణ. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మార్చి 21న, కోవిడ్ ఆంక్షల మధ్య సెన్సస్ జరిగింది. పనివారిలో 31 శాతం మంది ఇంటి నుంచే పనిచేస్తున్నామన్నారు. అక్కడ పనిచేసే చోటు కూడా అడుగుతారు, ఓడీ కూడా వేస్తారు. అయినా ఆ ఏడాది ప్రవాహాల్ని నమ్ముకుని రైలు మార్గం ఎవరు వేస్తారు?

మన దగ్గర దిక్కు చెప్పే ముక్కలు ఏవో ఇప్పుడు చూద్దాం. అన్నిటికన్నా విలువైనది ఆర్టీసీ టికెట్ యంత్రాల డేటా, కండక్టర్లు టిమ్ అనేది. ప్రతి టికెట్‌లో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, సమయం ఉంటాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక జీరో టికెట్ కూడా అదే యంత్రం నుంచి వస్తోంది. అంటే డబ్బులు లేకపోయినా ప్రయాణం రికార్డవుతోంది, పైగా ఆడవాళ్ళదని విడిగా తెలుస్తోంది. ప్లానర్‌కి ఇదో వరం. లోపాలూ ఉన్నాయి. నెలవారీ పాస్ ఉన్నవాళ్ళకి టికెట్ కొట్టరు, స్టూడెంట్ పాస్‌లదీ అదే కథ. నిలబడే చోటు లేని బస్సులో స్టేజీ సరిగ్గా పడిందో లేదో చెప్పలేం. రెండు బస్సులు మారిన మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. అయినా బస్సుల వరకు దిక్కు తేల్చడానికి దీన్ని మించింది లేదు.

మెట్రోలో ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్ కచ్చితంగా తెలుస్తాయి, ఇల్లు ఎక్కడో తెలియదు. ఓఆర్ఆర్‌లో ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా దూరాన్ని బట్టి టోల్ కాబట్టి 158 కిలోమీటర్ల రింగు మొత్తానికి వాహనాల ఓడీ తయారుగా ఉన్నట్టే. కానీ ఆ రోడ్డు మీదకి టూవీలర్లని, ఆటోలని రానివ్వరు. మన జనంలో ఎక్కువమంది తిరిగేది వాటి మీదే. ఓఆర్ఆర్ డేటా చూసి ప్రాంతమంతా కార్లలో తిరుగుతోందని అనుకోకండి. మొబైల్ ఫోన్ల డేటా అమ్మేవాళ్ళు కూడా మీ దగ్గరికి వస్తారు. రాత్రి ఫోన్ ఉన్న చోటు ఇల్లు, పగలు ఉన్న చోటు ఆఫీస్ అని ఊహించి జతలు ఇస్తారు. రాత్రి షిఫ్టు వాళ్ళు తిరగబడిపోతారు, సొంత ఫోన్ లేని ఆడవాళ్ళు కనిపించరు. కొనేముందు బీ-28 మహిళల వరసతో వాళ్ళ దూరాల పంపిణీని పోల్చి చూపించమనండి. చూపించలేకపోతే కొనకండి. వ్యక్తుల సమాచారం విషయంలో 2023 చట్టం ఉంది కాబట్టి జోన్ల మొత్తాలు తప్ప విడి రికార్డులు తీసుకోకండి.

బీ-28 అసలు ఉపయోగం ఇప్పుడు కనిపిస్తుంది. ఇన్ని ముక్కలు కలిపి మీరొక మ్యాట్రిక్స్ కడతారు. అది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? మీ మోడల్‌ని 2011 సంవత్సరానికి నడిపి, పాత రంగారెడ్డి పట్టణ ప్రాంతపు జోన్లన్నీ కలిపి, దూరాల పంపిణీ తీసి బీ-28 పక్కన పెట్టండి. మగవాళ్ళకి ఒకసారి, ఆడవాళ్ళకి ఒకసారి. ఆడవాళ్ళ ప్రయాణాలు పొట్టివి, నడక, బస్సు ఎక్కువ. ఇద్దరికీ కలిపి ఒకే వక్రరేఖ పెడితే సగటు సరిపోతుంది, ఇద్దరికీ తప్పవుతుంది. ఇంటి సర్వేలో మీరు పలకరించే కొన్ని వేల కుటుంబాలు ఎక్కడ, 2011లో ప్రతి ఇల్లూ తట్టిన లెక్క ఎక్కడ. దూరాల ఆకారం విషయంలో ఈ రెండూ గొడవ పడితే నేను ముందు సర్వేనే అనుమానిస్తాను. ఆ తరవాత మూసీ వంతెనల దగ్గరికి పోండి. పురానాపూల్, ముస్లింజంగ్ వంతెన, నయాపూల్, చాదర్‌ఘాట్, ఇలా నది దాటే ప్రతి చోటా ఒక రోజు కౌంట్ తీస్తే ఉత్తర-దక్షిణ ప్రవాహం మొత్తం మీ చేతిలో ఉంటుంది. నదిని దొడ్డిదారిన దాటలేరు కదా.

పాతదైపోయిందన్న మీ బెంగ గురించి. 2011 మొత్తాల్ని జనాభా పెరుగుదలతో గుణించి ఈ రోజుకి తెచ్చేస్తే మాత్రం అది పాత డేటా కన్నా ప్రమాదం. అప్పటికి పొలాలుగా ఉన్న కోకాపేట, నార్సింగిలకి ఏ గుణకం వాడతారు? 2011 నుంచి ఆకారాన్ని తీసుకోండి, పరిమాణాన్ని ఇప్పటి వనరుల నుంచి తీసుకోండి. వార్డు వారీగా గృహ విద్యుత్ కనెక్షన్ల పెరుగుదల మంచి సూచిక. అయితే తాళం వేసి ఉన్న ఫ్లాట్లకీ మీటర్ ఉంటుంది, నెలకి నామమాత్రంగా యూనిట్లు తిరిగేవాటిని తీసేసి లెక్కపెట్టండి. ఇంటి నుంచి పని, ఉచిత బస్సు, మెట్రో, ఈ మూడూ 2011లో లేవు. వీటికి చిన్న సర్వే తప్పదు. ఆ సర్వే బడ్జెట్‌ని ఊరంతా సమానంగా చల్లకుండా, ఈ మూడింటి వల్ల మారిన జోన్లలో ఎక్కువ పెట్టండి.

మీది ప్రాంతీయ ప్రణాళిక కాబట్టి చివరి రెండు అరల మీద, అంటే 31-50, 51 పైన ఉన్నవాళ్ళ మీద ఒక కన్ను వేయండి. అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు వీళ్ళు. సికింద్రాబాద్ నుంచి భువనగిరి, జనగామ, కాజీపేట వైపు, అటు నుంచి ఇటు, సీజన్ పాస్‌తో రోజూ తిరిగే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, గుమస్తాలు. తలలు లెక్కపెడితే శాతంలో చాలా తక్కువ, చాలా రిపోర్టుల్లో 'ఇతరం' కింద కలిపేస్తారు. కిలోమీటర్లు లెక్కపెట్టండి. 70 కిలోమీటర్ల దూరం వెళ్ళొచ్చే వందమంది రోజుకి 14,000 ప్యాసింజర్ కిలోమీటర్లు. 3 కిలోమీటర్లు వెళ్ళొచ్చే వెయ్యిమంది 6,000. రైళ్ళ అవసరం తేల్చేది మొదటి అంకె. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇంత దూరం చెప్పినవాళ్ళలో కొందరు రోజూ తిరగరు. వారమంతా అక్కడే రూమ్‌లో ఉండి శనివారం ఇంటికి వస్తారు. సీజన్ పాస్‌ల అమ్మకాలతో, స్టేషన్‌లో ఉదయం దిగేవాళ్ళ కౌంట్‌తో ఈ అరని సరిచూడకుండా వాడకండి.

వచ్చే జనగణనకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, మొబైల్ యాప్‌తో జరిగే మొదటి జనగణన. దాని కోసం పాలనా హద్దుల్ని 2025 డిసెంబర్ 31 నాటికి ఖరారు చేయమన్నారు. మీ ప్రణాళిక ఆ ఫలితాల కన్నా ముందే పూర్తవుతుంది, కానీ సవరణ ఎలాగూ ఉంటుంది. అందుకని జోన్ల హద్దులు ఇప్పుడే ఆ ఖరారైన వార్డు, గ్రామ హద్దుల మీద పడేలా గీయండి. రోడ్డు మధ్య గీతనో, నాలానో పట్టుకుని అందంగా గీసిన జోన్లు వార్డుల్ని రెండు ముక్కలు చేస్తే కొత్త పట్టికలు వచ్చిన రోజు మళ్ళీ మొదటికొస్తారు. ఇక నన్నడిగితే ఆ యాప్‌లో ఒకే ఒక్క గడి చేర్చమంటాను: పనిచేసే చోటు పిన్‌కోడ్. ఆరు అంకెలు, జవాబు చెప్పడానికి అర నిమిషం పట్టదు.

మీ జోన్లు ఇప్పుడు ఎన్ని, ఏ మ్యాపు మీద గీశారు, 2011 నాటి 150 జీహెచ్ఎంసీ వార్డులతో ఎన్నిచోట్ల తెగుతున్నాయో రాయండి. ఫర్నెస్ తిప్పేముందు ఆ తెగిన వార్డుల్ని ఎలా పంచాలో అది చూసి చెప్తాను. విస్తీర్ణాన్ని బట్టి పంచేద్దామని మాత్రం అనుకోకండి, చెరువులూ, కంటోన్మెంట్ ఖాళీ స్థలాలూ ఉన్న చోట అది ఘోరంగా తప్పుతుంది.